మిగిలిన నాలుగు మార్కులు

బడిలో కొత్తగా పంతులమ్మలుగా చేరిన అమ్మాయిలు నా దగ్గరికి వస్తే ఒకటే అడుగుతారు, పిల్లల్ని అదుపులో పెట్టడం ఎట్లా అని. ముప్పై నాలుగేళ్లు సుద్దముక్క పట్టుకున్నదాన్ని. ఆ సంగతి రెండు నెలల్లో వాళ్లకే తెలిసిపోతుంది. మార్కులు వేసే చేతిని అదుపులో పెట్టుకోవడం నాకు తెలియడానికి మూడేళ్లు పట్టింది. అది తెలిసే లోపల ఒక పిల్ల నష్టపోయింది. ఆ ఒక్క సంగతీ సరిగా రాస్తే చాలని కూర్చున్నాను. ఎక్కడెక్కడ పనిచేశాను, ఎప్పుడు జీతం పెరిగింది అన్నవి ఎవరికీ పనికిరావు.

తేదీలు, మార్కులు నా జ్ఞాపకం మీద ఆధారపడి రాయడం లేదు. అప్పటి నోటుపుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది.

బడి, పలకలు

ఫస్లీ 1349లో, ఇంగ్లీషు లెక్కన 1940 ప్రాంతంలో, ఇబ్రహీంపట్నం ఆడపిల్లల బడికి వచ్చాను. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. హైదరాబాదులో చదివాను. మా నాన్న ఒక వకీలు దగ్గర గుమాస్తా. ఉర్దూ నేర్పడానికి మా ఇంటికి మున్షీ వచ్చేవాడు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందుకు పోతే తెలుస్తుంది.

బడి అంటే పటేలు గారు ఇచ్చిన ఒక పొడుగాటి గది, ముందర వసారా. పిల్లలు ముప్పై ఒక్కమంది. నాలుగో తరగతి దాకా చెప్పేవాళ్లం. పెద్ద పంతులమ్మ జైనబ్ ఉస్తానమ్మ, నేను, పిల్లల్ని ఇళ్ల నుంచి తోలుకొచ్చే ఆయమ్మ, అంతే మేము. ఉస్తానమ్మది పట్నం, అంటే హైదరాబాదు. తెలుగు మాట్లాడేది గాని చదవడం రాదు. అంకెలు మాత్రం చదివేది. లెక్కలు, తెలుగు నావి.

పటేలు గారి కూతురు సుగుణ, ఇంకో ఇద్దరు మోతుబరి పిల్లలు ముందర చాప మీద కూర్చునేవాళ్లు. బెస్తవాళ్ల పిల్లలు, కూలివాళ్ల పిల్లలు వెనక నేల మీద. మాదిగవాడ నుంచి వచ్చే ఇద్దరు గడప దగ్గర. నేను వచ్చేసరికే అట్లా ఉంది. నేను మార్చలేదు. మార్చాలన్న ఆలోచన కూడా రాలేదు, దాన్ని దాచుకోను.

సుగుణ పలక కొత్తది, చుట్టూ చెక్క చట్రం, పక్కన తడిగుడ్డ. వెనక వరసలో మైసమ్మ అని ఒక బెస్తపిల్ల ఉండేది. తండ్రి లేడు, తల్లి నాట్లకు, కలుపులకు పోయేది. దాని పలక సగానికి విరిగింది. పొడుగు భాగహారం ఆ సగం పలకలో పట్టదు. పై మెట్లు చేసి, చెరిపి, కింది మెట్లు రాసేది. నా దగ్గరికి తెచ్చేసరికి జవాబు, చివరి రెండు వరుసలు మాత్రం ఉండేవి. "మెట్లు లేవు" అని నేను నాలుగింట్లో రెండు మార్కులు కోసేదాన్ని. మూడేళ్లు కోశాను. పలక సగమే ఉందన్నది నా కళ్ల ముందరే ఉంది.

చేపల లెక్క

పుస్తకంలో లెక్కలన్నీ పట్టుగుడ్డలు, బంగారం, బగ్గీల మీద ఉండేవి. ఒకరోజు వెనక వరస పిల్లల మీద దయ తలచి, వాళ్లకు తెలిసిన వస్తువు మీద లెక్క ఇద్దామనుకున్నాను. ఇరవై నాలుగు చేపల్ని ఐదుగురు సమానంగా పంచుకుంటే ఒక్కొక్కరికి ఎన్ని, మిగిలేవి ఎన్ని?

మైసమ్మ పలక మీద నాలుగు అని రాసి, మిగిలేవి దగ్గర సున్న పెట్టింది.

"ఐదు నాల్గులెంతనే?" అన్నాను.

"ఇర్వై."

"ఇర్వై నాల్గుల ఇర్వై పోతే?"

"నాలుగు."

"మరి సున్న ఎందుకు పెట్టినవ్?"

"గవి మిగలయి పంతులమ్మా."

"ఎటు పోతయి?"

"వలకు పోతయి."

తరగతి అంతా నవ్వింది. సుగుణ అందరికంటే గట్టిగా నవ్వి, "వల చాపలు తింటదానే?" అంది.

మైసమ్మ దాని వైపు తిరిగి, "తినది. గని చినుగుతది గద" అంది.

ఎదురు మాట్లాడుతోందనుకున్నాను. నాలుగింటికి సున్న వేసి, గంట కొట్టేదాకా నిలబెట్టాను. నోటుపుస్తకంలో ఆ సున్న ఉంది. పక్కన "మొండి" అని కూడా రాసుకున్నాను.

ఎర్ర సిరా

హాజరు పట్టీ చివర కైఫియత్ అని ఒక గడి ఉండేది. పిల్ల గురించి చెప్పదలచుకున్నది అందులో రాయాలి. మైసమ్మ వారానికి ఒకరోజు రాకపోయేది. ఎందుకు రాలేదంటే, "పని పడ్డది" అనేది. ఏం పని అని నేను రెండోమాట అడగలేదు. ఆ ఏడు మూడుసార్లు కైఫియత్ గడిలో ఎర్ర సిరాతో "లాపర్వా" అని రాశాను. చదువంటే లక్ష్యం లేని పిల్ల అని. నా పట్టీ శుభ్రంగా ఉంటుందని తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకునేవారు. నాకు అది గొప్పగా ఉండేది.

ఫస్లీ 1352 ఇస్ఫందార్ నెలలో, సంక్రాంతి ప్రాంతంలో, చదువుల శాఖ వాళ్ల తాలీమాత్ కచేరీ నుంచి కాగితం వచ్చింది. పట్నంలో ఆడపిల్లల మిడిల్ బడికి మా బడి నుంచి ఒక్క పిల్లను పంపవచ్చు. ఉండడం, తిండి, బట్టలు, పుస్తకాలు అన్నీ సర్కారువే. మాకు నాలుగో తరగతి పైన చదువు లేదు. ఆ ఒక్క చోటు దొరకని పిల్లకు చదువు అక్కడితో సరి.

నాలుగో తరగతిలో ఏడుగురు. నేను ఆలోచించకుండానే సుగుణ పేరు చెప్పాను.

ఉస్తానమ్మ పాన్‌దాన్ మూసి నన్ను చూసింది. "ఆ చాపలోళ్ల పోరి?"

"దానికి లెక్కలు రావమ్మా. బడికి కూడా సరిగ్గ రాదు."

"లెక్కలు రావా? మొన్న బియ్యం తూకం దగ్గర నేను పెన్సిల్ పట్టేలోపల అది నోటితో చెప్పేసింది. నీ పుస్తకంల ఒకటి, దాని నోట్ల ఒకటి ఉంటే, జర చూడాలె గద బీబీ? ఎందుకు రాదో పోయి అడిగినవా?"

అడగలేదు. ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గేసింది.

కట్ట మీద

తర్వాతి అంగడి రోజు, వారపు సంత నాడు, మైసమ్మ బడికి రాదని, చెరువు కట్ట మీద ఉంటుందని ఆయమ్మ తెల్లవారగానే చెప్పింది. ఆయమ్మను వెంటబెట్టుకుని పొద్దున్నే పెద్దచెరువు కట్టకు పోయాను. అప్పుడే వలలు లాగారు. అంగడికి పోయే ముందు పట్టినదంతా అక్కడే పంచుకుంటారు.

చేపల్ని కుప్పలు కుప్పలుగా పోశారు. పదకొండు పెద్ద కుప్పలు, రెండు చిన్నవి. మల్లయ్య అనే పెద్దమనిషి చేతిలో కట్టె. మైసమ్మ చేపలకు వీపు పెట్టి, నీళ్ల వైపు తిరిగి నిలబడి ఉంది. మల్లయ్య ఒక కుప్ప మీద కట్టె ఆనించి అరిచాడు.

"గిదెవరిది?"

"సాయన్నది" అంది మైసమ్మ, వెనక్కి తిరగకుండా.

"గిది?"

"ఎంకటమ్మత్తది."

"గిది?"

"నీదే తాతా."

"తోక చిన్నగున్నది బిడ్డా, ఇంకోసారి చెప్పరాదు" అన్నాడు మల్లయ్య. అందరూ నవ్వారు. అయినా ఆ కుప్ప అతనికే పోయింది.

పంచగా మిగిలినవి విడిగా ఒక గంపలో వేశారు. అవి అమ్మి వలకు నూలు కొంటారట. వల చినిగితే అందరికీ చేపలు లేవు కనుక మిగిలినవి వల పాలు. ఇరవై నాలుగు చేపల్లో నాలుగు ఎటు పోయాయో అప్పుడు చూశాను.

నన్ను చూసి ఎంకటమ్మ, "పంతులమ్మకు గూడ ఓ కుప్ప పెట్టాల్నా?" అంది.

"మా ఇంట్ల తినరు."

"తినకుంటే మానె, చూసుకుంట నిలబడు. చూస్తే ముల్లు దిగది."

మైసమ్మ వారానికొకసారి బడి ఎందుకు మానుతుందో మల్లయ్య చెప్పాడు. తండ్రి పోయాక ఆ ఇంటికి సగం పాలు పెట్టారు. పంచేటప్పుడు ఇంటి మనిషి ఎవరో ఒకరు నిలబడితేనే ఆ సగం ఇస్తారు. తల్లి నాట్లకు పోతే పిల్ల రావాలి. తల్లి కూలి మానుకుంటే ఆ రోజు గింజలు పోతాయి.

"మరి దాన్నే ఎందుకు అటు తిప్పి నిలబెట్టిండ్రు?" అన్నాను.

"చూసుకుంట పంచితే మంచి కుప్ప మనోళ్ల దిక్కే పోతది పంతులమ్మా. మనిషి చెడ్డోడని కాదు. చెయ్యి గట్లనే పోతది. గందుకే చూడని మనిషితోని చెప్పిస్తం."

ఇంటికొచ్చి హాజరు పట్టీ ముందర పెట్టుకుని లెక్కగట్టాను. ఆ ఏడు అప్పటిదాకా మైసమ్మ రానివి ఇరవై ఎనిమిది రోజులు. అందులో ఇరవై ఆరు అంగడి రోజులు. రెండు జ్వరం. ప్రతి నెలా చివర నేనే కూడి, మొత్తం వేసి, కింద గీత గీశాను. అన్నీ అంగడి నాడే పడుతున్నాయని ఒక్కసారి కూడా చూడలేదు. లెక్కపెట్టడం వేరు, లెక్కపెట్టినదాన్ని చదవడం వేరు.

గోడ వైపు తిరిగి

మల్లయ్య మాట నన్ను వదల్లేదు. ఉస్తానమ్మకు చెప్పాను. ఆమె చాలాసేపు నవ్వి, "అయితే నువ్వు కూడ అటు తిరుగు" అంది.

పరీక్ష మళ్లీ పెట్టాం. పన్నెండు లెక్కలు. పదింటికి నాలుగేసి, రెండింటికి ఐదేసి, మొత్తం యాభై. మగపిల్లల బడి నుంచి ఏడు నిండు పలకలు ఒక పూటకు అడిగి తెచ్చాం. లెక్క తర్వాత లెక్క చేయించి, ఆయమ్మ పలకల్ని కలగలిపి ఉస్తానమ్మ ముందర పెట్టేది. నేను గోడకు ముఖం పెట్టి కూర్చున్నాను. ఉస్తానమ్మ ఒక్కో పలక తీసి మెట్లు చదివేది. నేను మార్కు చెప్పేదాన్ని. ఆమె పలక వెనక తను ఉర్దూలో రాసిపెట్టుకున్న పేరు చూసి కాగితం మీద వేసుకునేది.

"ఇదెంత?"

"నాలుగు."

"ఇది?"

"ఒకటి తప్పింది. రెండు."

మూడో పలక దగ్గర వెనక వరస నుంచి కిసుక్కున నవ్వు వినిపించింది. బెస్తపిల్లలు గుర్తుపట్టారు. "పంతులమ్మ పాళ్లు ఏస్తున్నదే" అని ఎవరో గుసగుసలాడారు. తిరిగి చూడాలనిపించింది. చూడలేదు.

మైసమ్మకు నలభై ఆరు వచ్చాయి. సుగుణకు నలభై ఒకటి.

చేపల లెక్కలాంటిది ఈసారీ ఒకటి ఇచ్చాను. మైసమ్మ మిగిలినవి సరిగ్గా రాసింది. తర్వాత అడిగితే, "బడిల మిగులుతయి, చెరువు కాడ మిగలయి. నాకెర్కయింది" అంది.

దానికి పోయిన నాలుగు మార్కులు ఒకే లెక్కవి. మూడు గజాల గుడ్డ, రవికకు పన్నెండు గిరలు, ఎన్ని రవికలు? గజానికి పదహారు గిరలని సుగుణకు తెలుసు, వాళ్ల ఇంటికి గుడ్డల మూట తెచ్చి కొలిచి ఇచ్చేవాళ్లు. మైసమ్మ తల్లి ఎప్పుడూ గజం పెట్టి గుడ్డ కొనలేదు. ఆ పలక ఖాళీగా ఉంది.

పాత నోటుపుస్తకం తీసి ఇద్దరి మార్కులూ పక్కపక్కన రాశాను. ఒకే రకం తప్పు ఇద్దరూ చేసిన సందర్భాలు ఏడు. ఏడింటిలోనూ సుగుణకు రెండు వేశాను, మైసమ్మకు సున్న. ఏడు రెళ్లు పద్నాలుగు. నేను ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోలేదు, ఎవరికీ భయపడలేదు. సుగుణ తప్పు చేస్తే తొందరపడింది అనుకునేదాన్ని, మైసమ్మ తప్పు చేస్తే రాదు అనుకునేదాన్ని. సుగుణ మాట, కూర్చునే తీరు, వాళ్ల ఇంటికీ వచ్చే మున్షీ దిద్దిన అక్షరం, అన్నీ మా ఇంటివే. చెయ్యి అటే పోయింది.

పటేలు గారు

ఉస్తానమ్మ మైసమ్మ పేరు రాసి దస్తఖతు చేసింది. మరునాడు పటేలు గారు వచ్చి వసారాలో నిలబడ్డారు. గది ఆయనది.

"నా బిడ్డకు ఎన్నొచ్చినయి?"

"నలభై ఒకటి" అన్నాను.

"ఆ పోరికి?"

"నలభై ఆరు."

"నువ్వు గోడ దిక్కు మొకం పెట్టి వేసినవట గద? ఊరంత నవ్వుతున్నరు. అయితే ఐదు తక్కువనే. నేనేమంట? గని ఆ పోరి పట్నంల ఉంటదా పంతులమ్మా? చెరువు ఇడిసి?" అన్నారు.

"ఉంటది."

"ఉంటే మంచిదే" అని వెళ్లిపోయారు. గది ఖాళీ చేయమనలేదు. పెద్దవాళ్ల వల్లనే అంతా చెడుతుందని అనుకోవడం మాలాంటివాళ్లకు సులువు. ఈ సంగతిలో చెడు అటు నుంచి రాలేదు.

రెండు నెలలకు, ఉర్దీబెహిష్త్‌లో, కచేరీ నుంచి జవాబు వచ్చింది. హాజరు పట్టీ నకలు వాళ్లు ముందే తెప్పించుకున్నారు. ఉస్తానమ్మ చదివి నాకు ఇచ్చింది. ఈ పిల్ల గురించి పంతులమ్మే మూడుసార్లు లాపర్వా అని రాసింది, అలాంటి పిల్ల మీద సర్కారు సొమ్ము పెట్టడం కుదరదు, ఇంకో పేరు పంపండి. అంతే.

రెండు అర్జీలు పెట్టుకున్నాను. ఆ మాట రాసింది నేనే, అది తప్పు, రానిరోజులకు కారణం ఇది అని వివరంగా రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి, రాసిన పట్టీ మారదని వచ్చింది.

"నువ్వు మంచిగ రాస్తవ్ బీబీ, గుండ్రంగ, సాఫుగ. అందుకే వాళ్లు నమ్మిండ్రు" అంది ఉస్తానమ్మ. తిట్టినట్టు అనలేదు. అంతకంటే పెద్ద తిట్టు నేను ఎన్నడూ పడలేదు.

సుగుణ పట్నం పోయింది. బాగానే చదివింది. ఆ పిల్ల తప్పు ఇందులో ఏమీ లేదు.

మైసమ్మకు నేనే చెప్పాను. పలక చంకలో పెట్టుకుని వింది. "అయితే రేపటి సంది రావద్దా?" అని అడిగింది. నాలుగో తరగతి అయిపోయింది కదా, పై తరగతి లేదు కదా అన్నాను. సరే అని పోయింది.

తర్వాత చేసినవి

చేసినవి చిన్నవే. అంగడి నాడు బడి మధ్యాహ్నం పెట్టడానికి ఉస్తానమ్మ ఒప్పుకుంది. మరుసటి ఏడు బెస్తవాళ్ల పిల్లలు నలుగురిలో ఎవరూ ఆరు రోజుల కంటే ఎక్కువ మానలేదు. కూర్చునే వరసలు వారం వారం మార్చాను. దీనికి మాత్రం గొడవ జరిగింది, ఇద్దరు మోతుబరులు పిల్లల్ని మాన్పించారు, ఒకరు మళ్లీ పంపారు. లెక్కల పలకలు బడిలోనే ఉంచాం, అన్నీ నిండువి. కైఫియత్ గడిలో పిల్ల ఎలాంటిదో రాయడం మానేసి, ఏం జరిగిందో రాశాను. "తల్లి నాట్లకు పోయింది." "చెల్లెలికి జ్వరం." ఇప్పుడు ఉద్యోగంలో చేరేవాళ్లకు నా సలహా ఇది ఒక్కటే. పిల్ల గుణం గురించి కాగితం మీద పెట్టకండి. మీరు మనసు మార్చుకున్నా కాగితం మారదు.

ప్రతి ఏడూ ఒక్క పరీక్షయినా గోడ వైపు తిరిగి మార్కులు వేశాను, చివరి ఏడు దాకా. ముఖం చూసి వేసినవాటితో పోలిస్తే ప్రతిసారీ ఒకటో రెండో మార్కులు అటూ ఇటూ తేలేవి. చెయ్యి పూర్తిగా మారలేదు. దాని పోకడ నాకు తెలిసింది, అంతే.

బదిలీ

నిజాం రాజ్యం పోయిన ఏడు, దసరా తర్వాత, నన్ను హయత్‌నగర్ బడికి మార్చారు. ఉస్తానమ్మ అప్పటికే పట్నం వెళ్లిపోయింది. ఆఖరి రోజు పుస్తకాలు కట్టుకుంటుంటే మైసమ్మ వచ్చింది. పదిహేడేళ్లది, నా కంటే పొడుగు. అప్పటికి కట్ట మీద కట్టె పట్టుకుని కుప్పలు అడిగేది అదేనట. మల్లయ్య చూపు తగ్గి, ఆ పని దానికి ఇచ్చాడు.

"పోతున్నవట గద పంతులమ్మా."

"అవ్. రేపు."

"ఒక్క మాట అడుగుదామని వచ్చిన. గప్పుడు మొకం తిప్పుకొని ఏసిన మార్కులు, గవి ఏడున్నయి? పట్నం పంపిండ్రా?"

"లేదు. నా దగ్గరనే ఉన్నయి."

నోటుపుస్తకం విప్పి చూపించాను. దాని పేరు వేలితో వెతికి, అంకె దగ్గర ఆగింది.

"నలభై ఆరు."

"నలభై ఆరు."

"యాభైకి."

"యాభైకి. అందరి కంటే ఎక్కువ."

అది మనసులో తీసివేత లెక్క చేసుకుంది, పెదవులు కదిలాయి. తర్వాత కొంచెం నవ్వుతూ, కట్ట మీద అడిగే గొంతుతోనే అడిగింది.

"మిగిలిన నాలుగు ఎవరివి?"

గుడ్డ లెక్క గుర్తొచ్చింది. పుస్తకంలోంచి ఎత్తి ఇచ్చింది నేను. ఆ గజం ఆ పిల్ల ఎన్నడూ చూడలేదని తెలుసుకోకుండా ఇచ్చింది నేను.

"నావి" అన్నాను.